కొండబండిలో సెగ

తూకం ముల్లు ఎక్కడ ఆగిందో చూడగానే సిస్టర్ మొహం మాడిపోయింది.

"దిగమ్మా," అంది. టైలరమ్మ దిగింది. "చెప్పులు విప్పి మళ్ళీ ఎక్కు."

చెప్పులు ఆవిడ గుమ్మం దగ్గరే వదిలి వచ్చింది. ఆ మాట అనకుండా ఉత్త పాదాలతో మళ్ళీ ఎక్కి నిలబడింది. ముల్లు కాసేపు ఊగి, ఇందాకటి చోటికే వచ్చి కూర్చుంది.

"ఎన్నిసార్లని చెప్పాలి నీకు? ఒంట్లో ఇన్నేసి నీళ్ళు నింపుకొస్తే మెషిన్ మాత్రం ఏం చేస్తుంది? ఒక్క రోజు నోరు కట్టేసుకోలేవా?"

ఆ హాల్లో అప్పటికే మంచాల మీద పడుకుని, చేతికి గొట్టాలు తగిలించుకున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. కిడ్నీలు పనిచెయ్యని మనిషికి తాగిన ప్రతి గుక్కా ఒంట్లోనే నిలిచిపోతుంది. రోజు విడిచి రోజు ఇక్కడికొచ్చి, డయాలసిస్ మెషిన్ పక్కన ఒక పూటంతా పడుకుంటే గాని ఆ నీళ్ళకి బయటికి దారి లేదు. అది వాళ్ళందరికీ తెలుసు. అందుకే ఆ చూపుల్లో జాలితోపాటు, 'ఈవేళ తిట్లు నాకు కాదు' అన్న ఊరట కూడా ఉంది.

టైలరమ్మ చేతిరుమాలు అంచుని వేలితో మడిచి, గోటితో నొక్కి, మళ్ళీ మడుస్తోంది, కుట్టుకి సిద్ధం చేస్తున్నట్టు. బతుకంతా బట్టలు కుట్టిన వేళ్ళు, ఊరికే ఉండలేవు.

"వచ్చే వారం డాక్టర్లంతా నీ ఆపరేషన్ గురించే కూర్చుంటున్నారు," సిస్టర్ గొంతు తగ్గించింది గాని మాట పదును తగ్గలేదు. "మీ తమ్ముడు కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చాడు. అంత పెద్ద మనసు చేసుకున్నాడు పాపం! నీళ్ళ దగ్గరే అదుపు లేని మనిషి రేపు మందులు సరిగ్గా వేసుకుంటుందని నేనేం మొహం పెట్టుకుని చెప్పను?"

డ్రైవరమ్మ ఇదంతా గుమ్మంలో నిలబడి వింటోంది. కొండ మీది ఊళ్ళనుంచి వీళ్ళని తన జీపులో దింపి తీసుకొచ్చేది ఆమే. ఒక చేత్తో డ్రాయింగ్ మాస్టారి మోచెయ్యి పట్టుకుని ఉంది. రిటైరైన మాస్టారికి నేల సరిగ్గా కంటికి ఆనదు. మామూలుగా అయితే ఆమె ఆయన్ని మంచం దాకా దిగబెట్టి, క్యాంటీన్లో టీ తాగి, బండిలో కునుకు తీస్తుంది. ఈ హాల్లో ఆమె మాట్లాడవలసిన పని లేదు. కాని దారిలో బండి అద్దంలో చూసిన మొహం ఆమె కళ్ళలోంచి పోవటం లేదు. టైలరమ్మ నోరు తెరుచుకుని, నాలుకతో పెదాలు తడుపుకుంటూ, వద్దు వద్దనుకుంటూనే సీసా మూత తిప్పుతున్న మొహం.

"సిస్టర్, ఆవిడ ఇంట్లో తాగి రాలేదండీ," అంది. "నా బండిలో తాగింది."

"బండిలో తాగితే నీళ్ళు కాకుండా పోతాయా?"

"అది కాదండీ. బండి లోపల కొలిమిలా ఉంటుంది. గేరు తగ్గించి కొండ దిగుతుంటే నాకే నోరు పిడచకట్టుకుపోతుంది. తప్పు ఆవిడది కాదు. నా బండిది."

సిస్టర్ నమ్మలేదు. "ఆ మాస్టారూ నీ బండిలోనే కదా వచ్చింది? ఆయన బరువు ఎప్పుడూ బాగానే ఉంటుందే!"

మాస్టారు క్లాసులో పిల్లాడిలా చెయ్యెత్తారు. "నేనూ తాగానమ్మా. నాకింకా కాస్తో కూస్తో ఒంటేలు వస్తుంది కాబట్టి దొరకటం లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. సరిగ్గా అప్పుడే లోపలికొచ్చిన డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. విషయమంతా విని, టైలరమ్మ కాళ్ళ వాపు వేలితో నొక్కి చూసి, డ్రైవరమ్మ వైపు తిరిగారు.

"వచ్చేటప్పుడు దాహం ఒక్కటే. తిరిగి వెళ్ళేటప్పుడు ఇంకా ప్రమాదం. మెషిన్ దిగిన మనిషికి బీపీ పడిపోయి ఉంటుంది. అలాంటివాళ్ళని ఆ వేడిలో కూర్చోబెడితే కళ్ళు తిరిగి పడిపోతారు. మంచి పని చేశావమ్మా చెప్పి. కాని తెలిశాక మళ్ళీ ఆ బండిలోనే ఎక్కించమని నేను అనలేను కదా."

డ్రైవరమ్మ నాలుక కరుచుకుంది. తన నోటితో తనే తన పొట్ట కొట్టుకుందా? ఆ కొండదారిలో ఆసుపత్రి అంబులెన్స్ ఏటి ఇసక దగ్గరే ఆగిపోతుంది. నాలుగు చక్రాలూ లాగే తన పాత జీపు తప్ప ఇంకేదీ పైకెక్కదు. బండి మాన్పిస్తే తన పని పోతుంది, సరే. వీళ్ళు ఇల్లూ వాకిలీ వదిలి కింద ఊళ్ళో ఎక్కడో గది చూసుకోవాలి. టైలరమ్మ కుట్టుమిషనూ, ఖాతాదార్లూ అన్నీ కొండ మీదే.

"మీటింగ్ దాకా టైముంది," అన్నారు డాక్టరుగారు. "ఈలోగా బాగుచేయించు. కాకపోతే వేరే ఏర్పాటు ఆలోచిద్దాం."

ఆ మధ్యాహ్నం తిరుగుదారిలో, ఏరు దాటి మొదటి మెలిక ఎక్కుతుండగా, వెనకనుంచి మాస్టారి కేక వినపడింది. డ్రైవరమ్మ బ్రేకు తొక్కి వెనక్కి చూస్తే టైలరమ్మ తల పక్కకి వాలిపోయి ఉంది. ఇద్దరూ పట్టుకుని కిందికి దింపి, బండ నీడలో పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి పట్టుకున్నారు. కొంతసేపటికి కళ్ళు తెరిచింది.

"నా గురించి చెప్పి నువ్వెందుకు చెల్లీ చెడ్డపేరు తెచ్చుకున్నావ్?" అన్నది ఆవిడ మొదటి మాట.

"ముందు నువ్వు లే అక్కా. పేరు సంగతి తర్వాత చూసుకుందాం," అంది డ్రైవరమ్మ. అంది గాని, ఆవిడ పాదాలు మాత్రం వదల్లేదు.

*

డ్రైవరమ్మ ఇంటి పక్కనే షెడ్డు. అందులో సగం ఆమె భర్తది, సగం మరిదిది. భర్తది రేకుల పని. ట్రంకుపెట్టెలు, గరాటాలు, ఇంటి చూరుకి నీళ్ళు పోయే తొట్లు చేస్తాడు. మాటకన్నా సుత్తి ఎక్కువ వినపడే మనిషి. మరిది మెకానిక్. సుత్తికన్నా నోరు ఎక్కువ వినపడే మనిషి.

"పాత బండి వదినా! ఇంజను ముందు, సైలెన్సర్ కింద, ఎండ పైన. వేడి కాక మంచు కురుస్తుందా?" అన్నాడు మరిది, జీపు కిందనుంచి కాళ్ళు మాత్రం బయటపెట్టి.

"ఎండ సంగతి కాదురా. మొన్న మబ్బు పట్టి చుక్క ఎండ లేదు. ఆ రోజూ ఇంతే."

"అయితే కిటికీలు తియ్యి."

"తీస్తే దుమ్ము. మాస్టారు మొన్న దగ్గి దగ్గి కళ్ళు తేలేశారు. పైగా ఆ మెలికల్లో బండి నడక కన్నా మెల్లగా పోతుంది. గాలెక్కడిది?"

ఆమె లోపల కూర్చుని అరచేత్తో ఒక్కొక్క చోటూ తాకి చూసింది. గేరు రాడ్డు మొదలు వేడి. కాళ్ళ కింద నేల ఇంకా వేడి. సైలెన్సర్ పైపు సరిగ్గా వెనకవాళ్ళ పాదాల కింద నుంచి పోతుంది. అంతా అక్కడే ఉందనిపించింది. ఇంట్లో ఉన్న పాత బొంతలు రెండు తెచ్చి, మడతలు వేసి, నేలంతా పరిచి అంచులు సీటు కిందికి దోపింది. మెత్తగా, పరుపులా తయారైంది. తన తెలివికి తనే మురిసిపోయింది.

ఆ మురిపెం ఏటి దాకా కూడా నిలవలేదు. తర్వాతి పూట దిగుతుంటే బండి లోపల ముందుకన్నా ఉక్కగా ఉంది. సగం దారిలో కాలిన గుడ్డ వాసన. ఆపి చూస్తే బొంత అడుగు చిల్లు పడి, చుట్టూ నల్లగా కమిలి ఉంది. ఇంకాస్త దూరం పోయి ఉంటే నిప్పే అంటుకునేది. బొంతలు రెండూ ఈడ్చి ఇసకలో పారేసింది డ్రైవరమ్మ. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. టైలరమ్మ సీసా సగానికి పైగా అయిపోయింది.

తూకం దగ్గర సిస్టర్ ఈసారి తిట్టలేదు. బొంతల సంగతి విని, ముల్లు చూసి, పెదవి విరిచి, "బొంతల వాసన కూడా తెచ్చుకున్నారే," అని ఊరుకుంది. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది డ్రైవరమ్మకి.

ఆ సాయంత్రం ఆమె షెడ్డు గుమ్మంలో చతికిలబడింది. కాలిన బొంత కథ విని మరిది పగలబడి నవ్వాడు. భర్త నవ్వలేదు. చేతిలో తొట్టి పక్కన పెట్టి, బండి కిందికి దూరి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"గుడ్డ ఆనించకూడదు. మధ్యలో గాలుండాలి. పొయ్యి చుట్టూ కట్టే గోడ పొయ్యికి తగలదు కదా."

మర్నాడంతా భార్యాభర్తలిద్దరూ దాని మీదే ఉన్నారు. అట్టముక్క పట్టుకుని భర్త సైలెన్సర్ మెలికలకి తగ్గట్టు ఆకారం కత్తిరించి, దాన్ని మెరిసే పల్చటి రేకు మీద పరిచి గీత గీశాడు. ఆమె ఒక కొస నొక్కి పట్టుకుంటే ఆయన రేకు కత్తెరతో సర్రుసర్రున కోశాడు. గరుకు అంచులు చెయ్యి కొయ్యకుండా మడిచి కొట్టాడు. రేకుకీ నేలకీ మధ్య వేలు దూరేటంత సందు ఉండేలా చిన్నచిన్న గొట్టపు ముక్కలు పెట్టి బోల్టులు బిగించాడు. ఇంజను గోడకి వైర్లు దూరే కంతలుంటే, వాటి చుట్టూ రబ్బరు ముక్కలు కోసి కూరాడు మరిది. ఎగతాళి చేసినవాడే, ఇప్పుడు ఆఖరి కంత తనే కనిపెట్టానని పదిమందికీ చెప్పుకుంటున్నాడు.

"ఏవండీ, ఇంత పని మీకెలా తెలుసు?" అందామె, ముచ్చటగా.

"తెలీదు," అన్నాడాయన. "ట్రంకుపెట్టె తిరగేసి చేశాననుకో."

*

మర్నాడు పొద్దున టైలరమ్మా, మాస్టారూ బండెక్కుతూనే కింద మెరుస్తున్న రేకు వంగి చూశారు. టైలరమ్మ చెప్పు తీసి నేల మీద పాదం ఆనించింది. "అబ్బ, తీసెయ్యక్కర్లేదు కాలు," అంది. డ్రైవరమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఆ మొదటి మెలికలు ఆమె దాదాపు పాడుకుంటూ దిగింది.

మూడో మెలిక దాటాక అద్దంలోకి చూసి పాట ఆపేసింది. మాస్టారు అట్టముక్కతో విసురుకుంటున్నారు. టైలరమ్మ నుదురు చెమటతో మెరుస్తోంది. సీసా ఒళ్ళో ఉంది. మూత మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేస్తోంది. డ్రైవరమ్మ తన వీపు తడుముకుంది. చొక్కా అతుక్కుపోయి ఉంది. ముందరికన్నా నయమే. కాని నయమంటే సరిపోదు. తూకం ముల్లుకి నయం తెలియదు.

"చెల్లీ, బండి ఆపు," అంది టైలరమ్మ.

"ఏంటక్కా? కళ్ళు తిరుగుతున్నాయా?"

"ఆపమన్నాను కదా!" ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం డ్రైవరమ్మ ఎప్పుడూ వినలేదు. ఏటి ఒడ్డున, బండరాతి నీడలో జీపు ఆగింది.

"నేల చల్లగానే ఉంది," అంది టైలరమ్మ, ఒక్కో మాటా కొలిచినట్టు. "మీ ఆయన పని ఆయన చక్కగా చేశాడు. కాని నా పిక్కలు కాలుతున్నాయి. ఇదివరకు పాదాల మంటలో ఇది తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. వేడి కిందనుంచి రావట్లేదు. వెనకనుంచి వస్తోంది."

"వెనకేముంది, సీటేగా?"

టైలరమ్మ అప్పటికే దిగి, తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ సీటు ముందు వైపు, కూర్చున్నవాళ్ళ పిక్కల వెనక, నల్ల రెక్సిన్ తెర ఒకటి నేలదాకా వేలాడుతుంది. సీటు కింద సామాను కనపడకుండా వేసిందనే ఇన్నాళ్ళూ అందరూ అనుకున్నారు. ఆవిడ కళ్ళు చిట్లించి, ఆ తెర పై అంచు వెంబడి వేలు జరుపుకుంటూ పోయింది. ఒకచోట ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ జరిపింది.

"ఇది కంపెనీ కుట్టు కాదు," అంది.

"అంటే?"

"ఇటు చూడు. సీటంతా జంట కుట్టు, మిషను మీద వేసింది, గీత గీసినట్టుంది. ఈ తెర మాత్రం చేత్తో కుట్టారు, దబ్బనం పెట్టి. దారం కూడా వేరు, గోనెసంచుల దారం. కుట్టినవాడికి పని రాదు, తొందరొకటి. ఇక్కడేదో ఉంటే, కనపడకుండా మూసేశారు చెల్లీ."

సంచిలోంచి చిన్న కత్తెర తీసింది. దారాలు కత్తిరించే కత్తెర, బొటనవేలంత ఉంటుంది. అది లేకుండా ఆవిడ ఆసుపత్రికి కూడా రాదు. డ్రైవరమ్మ వైపు ఒకసారి చూసింది, కొయ్యనా అన్నట్టు.

"కోసెయ్యక్కా!"

టకటకా దారాలు తెగాయి. తెర జారి పడింది. లోపలినుంచి వెచ్చటి గాలి గుప్పున వచ్చి ఇద్దరి మొహాలకీ కొట్టింది. చీకట్లో, దుమ్ము పట్టిన ఇనప పెట్టె ఒకటి, ముందు వైపు సన్నటి సందులతో. దాంట్లోంచి రెండు గొట్టాలు నేలలోకి దిగాయి. డ్రైవరమ్మ వేలితో తాకి చటుక్కున వెనక్కి లాక్కుంది. మరుగుతున్న కెటిల్‌ని తాకినట్టుంది.

"నా సీటు కింద పొయ్యి పెట్టారా వీళ్ళు?" అంది టైలరమ్మ, ముక్కు మీద వేలేసుకుని.

ఫోన్ సిగ్నల్ కోసం డ్రైవరమ్మ బండరాయి ఎక్కింది. అవతల మరిది మధ్యలో అడ్డు తగలకుండా అంతా విన్నాడు. ఆ మనిషికి అది అరుదు.

"వదినా... అది హీటరు! చలి ప్రాంతాలకని చేసిన బండి అయ్యుంటుంది. వెనక కూర్చున్నవాళ్ళ కాళ్ళు వెచ్చగా ఉండాలని ఇంజన్లో కాగే నీళ్ళు ఆ పెట్టెలోకి తిప్పుతారు. ఫ్యాను చచ్చిపోయి ఉంటుంది, నీళ్ళు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి."

"ఇన్నాళ్ళూ బండి కింద పడుకున్నది ఎవర్రా?"

"పడుకున్నాను గాని, బురద పట్టిన గొట్టాల మీద పేరు రాసుంటుందా వదినా? సర్లే, నన్ను తర్వాత తిట్టు. నేను బయలుదేరి వస్తున్నా, అక్కడే ఉండండి."

"నువ్వొచ్చేసరికి మెషిన్ టైము దాటిపోతుంది. ఏం చెయ్యాలో చెప్పు, నేను చేస్తా."

అతను చెప్పాడు. ఇంజను వెనక పక్కన రెండు రబ్బరు గొట్టాలు బండి కిందికి పోతాయి. ఒకదాంట్లో వేడి నీళ్ళు వెళ్తాయి, ఇంకోదాంట్లో తిరిగి వస్తాయి. వెళ్ళే దారిలో చిన్న కుళాయి ఉంటుంది, ముందు అది కట్టడానికి చూడు. ఇంజను చల్లారకుండా మాత్రం చెయ్యి పెట్టకు, మొహం కాలిపోతుంది.

బోనెట్ ఎత్తారు. ముగ్గురూ నీడలో కూర్చుని ఇంజను చల్లారడం కోసం కాచుకున్నారు. అంత కష్టమైన పని ఆ రోజు ఇంకోటి లేదు. ఆలస్యమయ్యే కొద్దీ డ్రైవరమ్మకి సిస్టర్ మొహమే కనిపిస్తోంది. "లేటుగా వచ్చారు, మంచం వేరేవాళ్ళకిచ్చేశా" అంటే? కాని ఇప్పుడు బోనెట్ మూసి వెళ్ళిపోతే, సీటు కింద పొయ్యి అలాగే ఉంటుంది.

"కంగారు పడకమ్మాయీ," అన్నారు మాస్టారు. "నేను పరీక్షకి లేటుగా వచ్చిన వాణ్ణెవణ్ణీ బయటికి పంపలేదు. ఆ పుణ్యం ఈవేళ పనికొస్తుంది."

ఇంజను చెయ్యి పెట్టేటంత చల్లబడింది. కుళాయి దొరికింది. తుప్పుతో తెరిచినది తెరిచినట్టే బిగుసుకుపోయింది, రెంచికి కూడా కదల్లేదు. డ్రైవరమ్మ పళ్ళు బిగించి మళ్ళీ లాగింది. లాభం లేదు. మళ్ళీ ఫోన్. "అయితే సీటు కిందికి పోయే గొట్టాన్ని పీకెయ్. తిరిగొచ్చే గొట్టాన్నీ పీకెయ్. ఒకే ముక్కతో ఇంజను నోళ్ళు రెండూ కలిపెయ్. నీళ్ళు ఇంజన్లోంచి ఇంజన్లోకే పోతాయి, సీటు దాకా రావు."

క్లిప్పు వదులు చేసి గొట్టం లాగితే, గోరువెచ్చని గోధుమరంగు నీళ్ళు మోచేతుల మీదుగా కారాయి. రబ్బరు ముక్క ఎంత పొడవు కొయ్యాలో కొలత కావాలి. టైలరమ్మ మెడలోంచి కొలతల టేపు తీసి, రెండు నోళ్ళ మధ్య వంపు తిప్పి కొలిచి, పీకిన గొట్టం మీద గోటితో గాటు పెట్టింది. "ఇక్కడ కొయ్యి. కాస్త వదులుగా ఉంచాను, లాగినట్టు ఉండకూడదు, చంక దగ్గర లాగితే చొక్కా ఏమవుతుందో చూశావుగా." డ్రైవరమ్మ కత్తితో కోసింది. గొట్టం ఒక నోటికి ఎక్కింది. రెండోదానికి ఎక్కనంది. రెండు చేతులూ తిప్పి, వంగి, ఒంటి బరువంతా వేసి నొక్కింది. జర్రున లోపలికి జారి కూర్చుంది. క్లిప్పులు బిగించేసరికి వేళ్ళు రెండుచోట్ల గీరుకుపోయాయి. మాస్టారు ఆ సేపంతా ఆమె తలకి ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని నిలబడ్డారు, ఆయన మీద మాత్రం ఎండ పడుతూనే ఉంది.

రేడియేటర్ నిండా నీళ్ళు కావాలి. బండిలో ఉన్న క్యాను అంతా పోసింది. ఇంకా పట్టేటట్టుంది. డ్రైవరమ్మ అటూ ఇటూ చూసింది. ఏట్లో ఇసక తప్ప చుక్క లేదు.

టైలరమ్మ తన సీసా మూత తిప్పింది. ఇంటినుంచి నింపుకొచ్చిన నీళ్ళు, అంచుదాకా ఉన్నాయి. ఆమె పొద్దున్నించీ ఇంకా ఒక్క గుక్క తాగలేదు.

"వద్దక్కా, దారిలో..."

"పొయ్యనీ చెల్లీ. నాకన్నా దీని దాహం పెద్దది," అని, గరాటా కూడా లేకుండా, ఒక్క చుక్క బయట పడకుండా, సీసా మొత్తం రేడియేటర్ నోట్లో పోసేసింది. చివర్న సీసాని తలకిందులు చేసి తట్టింది కూడా.

*

ఏరు దాటాక మట్టిదారి. మట్టిదారి తర్వాత ఊరి రోడ్డు. డ్రైవరమ్మ అద్దంలోకి చూడటానికి భయపడింది. చివరికి చూసింది. మాస్టారు అట్టముక్క పక్కన పడేసి కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. టైలరమ్మ కాళ్ళు ముందుకి చాపుకుని, రెండు పిక్కలూ ఒకదానితో ఒకటి రాసుకుంటోంది, నమ్మకం కుదరనట్టు.

"ఎలా ఉందక్కా?"

"మాట్లాడించకు. ఇంకా చూస్తున్నా."

ఆసుపత్రి గుమ్మంలోనే సిస్టర్ ఎదురైంది, నడుం మీద చెయ్యి పెట్టుకుని. "ఇప్పుడా రావడం! అందర్నీ ఎక్కించేశాం, మీ మంచాలే ఖాళీగా ఉన్నాయి. ఏమైంది, మళ్ళీ బొంతలా?" ముగ్గుర్నీ ఎగాదిగా చూసింది. డ్రైవరమ్మ మోచేతులదాకా మసి. మాస్టారి ముక్కు ఎండకి కమిలి ఎర్రబడింది. టైలరమ్మ మోకాళ్ళ దగ్గర ఇసక. "ఎక్కడ పడ్డారు మీరు?"

"తర్వాత చెప్తాం సిస్టర్," అంది టైలరమ్మ. "ముందు తూకం."

తనంతట తానే వెళ్ళి ఎక్కింది. ముల్లు ఊగింది. ఆగింది. సిస్టర్ వంగి చూసింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసింది.

"దిగు," అంది. "మళ్ళీ ఎక్కు."

టైలరమ్మ దిగి, మళ్ళీ ఎక్కింది. ముల్లు ఇందాకటి చోటే. అది ఎక్కడ ఉండాలని డాక్టరుగారు చెప్పారో, దానికి వెంట్రుకవాసిలో.

సిస్టర్ తూకం మీంచి తలెత్తింది. "పొద్దున్నించీ ఏం తాగలేదా?" అని అడిగింది, ఈసారి గొంతులో వేరే ఏదో ఉంది.

"గుక్క కూడా లేదు. నా వాటా బండికి పోశాను."

డ్రైవరమ్మ జరిగింది చెప్పింది. సీటు కింద పొయ్యి, గోనెసంచుల దారం, కంపెనీది కాని కుట్టు. అంతా విన్నాక సిస్టర్ టైలరమ్మని మంచం మీద పడుకోబెట్టి, సూదులు గుచ్చి, మెషిన్ తిప్పింది. తర్వాత లోపలికి పోయి, చిన్న గిన్నెలో ఒక్క ఐసు ముక్క తెచ్చి తన చేత్తోనే టైలరమ్మ నోటి దగ్గర పెట్టింది.

"చప్పరించు. దీన్ని నేను రాయన్లే."

టైలరమ్మ నోరు తెరిచింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గిన్నె మాత్రం ఐసు అయిపోయేదాకా సిస్టర్ చేతిలోనే ఉంది.

*

ఆ వారమంతా ముల్లు చెప్పిన మాట విన్నది. మెషిన్ దిగాక తిరుగుదారిలో ఎవరికీ కళ్ళు తిరగలేదు. మరిది ఆ ఇనప పెట్టెని పీకి బయటికి తీసి, షెడ్డు ముందు అందరికీ కనపడేలా పెట్టాడు. "దొంగ దొరికాడు" అని వచ్చినవాళ్ళకి చూపిస్తున్నాడు. పట్టుకున్నది ఎవరని అడిగితే మాత్రం ఒకసారి తల గోక్కుని, "టైలరమ్మ గారు" అంటున్నాడు, ఒప్పుకోక తప్పక.

మీటింగ్ రోజు మధ్యాహ్నం డాక్టరుగారు మంచం దగ్గరికే వచ్చారు. టైలరమ్మ తమ్ముడు కూడా పొద్దున్నే వచ్చి, గోడకి చేరబడి నిలబడ్డాడు. డ్రైవరమ్మ టీకి వెళ్ళలేదు.

"అందరూ సరేనన్నారమ్మా," అన్నారు డాక్టరుగారు. "వచ్చే నెలలో ఆపరేషన్. మీటింగులో నీ గురించి గట్టిగా మాట్లాడింది ఎవరో తెలుసా? మన సిస్టరే. ఈవిడ చేతిలో పెడితే కిడ్నీ పదిలంగా ఉంటుంది, నాది పూచీ, అంది."

సిస్టర్ అవతల మంచం దగ్గర ఎవరి బీపీయో చూస్తూ, వినపడనట్టు వీపు తిప్పి నిలబడింది.

తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. టైలరమ్మ కళ్ళలో మాత్రం తడి లేదు. పైకప్పు వైపు చూస్తూ కాసేపు ఆలోచించింది.

"కుట్లు ఎలాంటివి వేస్తారండీ?" అని అడిగింది.

డాక్టరుగారికి అర్థం కాలేదు. "కుట్లా?"

"చేత్తోనే కదా వేస్తారు? దగ్గర దగ్గరగా వెయ్యమనండి. దూరం కుట్టు నాకు నచ్చదు."

హాలంతా నవ్వు. డాక్టరుగారే ముందు నవ్వారు. "నువ్వే తర్వాత చూసి మార్కులు వేద్దువుగానిలే!" అన్నారు.

సాయంత్రానికి ఎండ వాలింది. తమ్ముడు ముందు సీట్లో, టైలరమ్మా మాస్టారూ వెనక. జీపు ఏటి ఇసక దాటి, గేరు తగ్గించి, మొదటి మెలిక ఎక్కింది. టైలరమ్మ ఆ రోజు సొమ్మసిల్లి పడిపోయిన మలుపు అదే. ఇంజను మామూలుగానే రొద పెడుతోంది. పై కొండలనుంచి చల్లగాలి దిగి, తెరిచి ఉన్న కిటికీలోంచి లోపలికి కొడుతోంది. డ్రైవరమ్మ అద్దంలోకి చూసింది. వెనక ఇద్దరూ ఒకరికొకరు దగ్గరగా ముడుచుకుని కూర్చున్నారు. టైలరమ్మ రెండు చేతులూ చంకల్లో దోపుకుని ఉంది.

"ఏంటక్కా అలా ఉన్నావ్? ఒంట్లో బాలేదా?" డ్రైవరమ్మ కంగారుగా అడిగింది.

"బానే ఉంది," అంది టైలరమ్మ. ఒక్క క్షణం ఆగి, తన నోటినుంచి ఆ మాట వస్తుందని తనే ఊహించనట్టు, మెల్లగా అంది. "చలేస్తోంది చెల్లీ. ఆ కిటికీ అద్దం కొంచెం పైకెత్తవూ?"

మాస్టారు ముందు నవ్వడం మొదలుపెట్టారు. తర్వాత తమ్ముడు. డ్రైవరమ్మ నవ్వు ఆపుకోలేక, నవ్వుతూ స్టీరింగు తిప్పలేక, బండిని దారి పక్కకి తీసి ఆపింది. దిగి, చుట్టూ తిరిగి వెనక తలుపు దగ్గరికి వచ్చి, బిగుతుగా కదిలే ఆ కిటికీ అద్దాన్ని రెండు చేతులా పట్టుకుని, పూర్తిగా పైకెత్తి మూసింది.